స్మృత్యాభరణములు – ఆంగ్ల వాఙ్మయము

1

అలంకారమునకు శోభాకరత్వమే లక్షణమని మన లాక్షణికులు చెప్పిరి. కావ్యమునకు చెప్పిన ఈ మాట శరీరమునకును వర్తించును. కాని శోభ కొరకు గాక జ్ఞాపకము కొరకు ధరింపబడిన ఆభరణములు కొన్ని కలవు. ప్రియుని చిత్తరువు గల పతకము, మరణించిన తల్లి వెండ్రుకలు పొదిగిన ఉంగరము, మృతుని పేరును తిథిని చెక్కిన కడియము – ఇట్టివి ఇంగ్లండులో సుమారు 16వ శతాబ్దము నుండి 20వ శతాబ్ది ప్రారంభము వరకు విరివిగా వాడుకలో ఉండెను. వీనికి స్మృత్యాభరణములని పేరు పెట్టుచున్నాను. ఇందులో ప్రణయస్మారకములు, మృతస్మారకములు అని రెండు తెగలు కలవు. ఒకే వస్తువు కాలవశమున మొదటి తెగ నుండి రెండవ తెగకు మారుటయు కద్దు. బ్రదికియున్న ప్రియుని కురులు గల పతకము అతడు మరణించిన నాడు శోకాభరణమగును. అందు మార్పు చేయవలసిన పని స్వర్ణకారునకు లేదు.

ఈ విషయమును సాహిత్య పత్రికలో ఎత్తుకొనుటకు కారణమున్నది. మన తులనాత్మక వ్యాసములలో శ్రీరాముని అంగుళీయకమును, శకుంతల ఉంగరమును, ఆంగ్ల నవలలలోని కేశపతకములను ‘అభిజ్ఞానాభరణములు’ అను ఒకే శీర్షిక క్రింద చేర్చు అలవాటు కలదు. విద్యార్థులును పరీక్షాపత్రములలో ఆ మాటనే తిరిగి వ్రాయుచుందురు. ఈ చేర్పు తొందరపాటుతో కూడినదని నా అభిప్రాయము. ఉంగరమును ఉంగరముతో పోల్చుట సులభము. ఉంగరము చేయు పనిని పనితో పోల్చినప్పుడే పోలిక విమర్శయగును. కావున ముందు ఈ ఆభరణముల చరిత్రను, పిదప ఆంగ్ల కవులును నవలాకారులును వానిని వాడుకొన్న తీరును పరిశీలించి, అటుపై మన కావ్యముల కడకు వత్తము.

2

ఈ చరిత్రలో మొదటి దశ హెచ్చరిక. 16వ శతాబ్దపు ఐరోపీయుడు పుర్రెబొమ్మ గల ఉంగరమును ధరించినచో అది ఎవరో చనిపోయిరని చెప్పుటకు కాదు. తానును చనిపోవుదునని తనకు తాను చెప్పుకొనుటకు. డెవన్ ప్రాంతమున టార్ అబ్బే కడ లభించి, ఇప్పుడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియములో ఉన్న పతకము దీనికి చక్కని ఉదాహరణము. అది 16వ శతాబ్ది మధ్యకాలమునాటిది. చిన్న బంగారు శవపేటిక. మూత తీసినచో లోపల అస్థిపంజరము. పైన చెక్కిన మాటలు క్రీస్తు పునరుత్థానమును గూర్చినవి. ఇందు వ్యక్తి లేడు, మృత్యువున్నది.

రెండవ దశ గురుతు. ఇందు మృత్యువు వెనుకకు తగ్గి వ్యక్తి ముందునకు వచ్చును. మరణశాసనములలో మిత్రులకు ఉంగరముల కొరకు ధనము విడుచుట ఆచారమయ్యెను. 1616 మార్చి 25వ తేదీగల షేక్స్పియరు మరణశాసనమున తన తోడి నటులైన జాన్ హెమింజ్, రిచర్డ్ బర్బేజ్, హెన్రీ కాండెల్ అను మువ్వురికి ఉంగరములు కొనుక్కొనుటకై తలకు 26 షిల్లింగుల 8 పెన్సులు వ్రాయబడినవి. వీరిలో బర్బేజ్ 1619లో మరణించెను. మిగిలిన ఇరువురు 1623లో షేక్స్పియరు నాటకముల తొలి సంపుటమును ప్రకటించిరి. ఆ సంపుటము లేకున్నచో అంతకు ముందు అచ్చుకాని నాటకములు పదునెనిమిది వరకు మనకు దక్కెడివి కావేమో. ఉంగరమిచ్చినందుననే వారు ఆ పని చేసిరని ఎవరును అనలేరు. కాని గురుతుంచుకొనుట అను బాధ్యతను నాటి సమాజము ఒక వస్తురూపమున మిత్రుల వ్రేలికి తొడిగెడిదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

1649 జనవరి 30న మొదటి చార్లెస్ రాజు శిరశ్ఛేదమునకు గురి అయ్యెను. రాజపక్షీయులు ఆయన చిత్తరువు గల ఉంగరములను, పతకములను రహస్యముగా ధరించిరి. ఇట వ్యక్తిగత శోకము రాజకీయ విశ్వాసముతో కలిసినది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున స్ఫటికపు పలక క్రింద అల్లిన వెండ్రుకలను పరచి, వానిపై బంగారు తీగెతో పొడి అక్షరములను కూర్చు పద్ధతి వ్యాపించెను. 1703లో దినచర్య రచయిత సామ్యుయెల్ పీప్స్ మరణించినప్పుడు నూరుకు పైగా ఉంగరములు పంచిపెట్టబడినవి. అవియు గ్రహీతల అంతస్తును బట్టి వేరు వేరు వెలలవి. గురుతులోనికి అప్పుడే గణన ప్రవేశించినది.

18వ శతాబ్దమున రూపములు మారెను. పుర్రెలు పోయి అస్థికలశములు, వ్రేలాడు కొమ్మల విల్లో చెట్లు, సమాధికి ఆనుకొని కన్నీరు విడుచు స్త్రీమూర్తులు వచ్చినవి. దంతపు పలకపై గోధుమవన్నె రంగుతో ఈ చిత్రములను వ్రాసెడివారు. మృతుడు వివాహితుడైనచో నల్లని మీనాపని, అవివాహితులకును పిల్లలకును తెల్లని మీనాపని అను సంకేతము ఏర్పడెను. ప్రణయస్మారకములలోను ఇట్టి సంకేతములు కలవు. కెంపు, పచ్చ, గోమేధికపు జాతిరాయి, నీలలోహితపు స్ఫటికము, మరల కెంపు, వజ్రము – వీని ఆంగ్లనామముల మొదటి అక్షరములను వరుసగా చదివినచో ‘రిగార్డ్’, అనగా ఆదరము, అను మాట వచ్చును. మన చిత్రకవిత్వములోని నామగోపనమును రత్నములతో చేసినట్లున్నది. 1785 ప్రాంతమున వేల్సు యువరాజు, అనగా పిదప నాల్గవ జార్జి రాజైనవాడు, తన రహస్య భార్య మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌నకు తన కంటిని మాత్రమే వ్రాయించి పంపెను. ముఖమంతయు వ్రాసినచో లోకము గుర్తించును. కన్ను మాత్రమైనచో ఎరిగినవారికే తెలియును. ఆనవాలు పదిమందికి తెలియవలసినది. ఈ గురుతు ఒక్కరికే తెలియవలసినది. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనగోరెదను.

మూడవ దశ మర్యాద. 1861 డిసెంబరు 14న ఆల్బర్టు యువరాజు మరణించెను. విక్టోరియా రాణి 1901 జనవరి 22న తాను మరణించువరకు నల్లని దుస్తులను వీడలేదు. ఆస్థానమును చూచి మధ్యతరగతి కుటుంబములును ఆ నియమములను అనుసరించినవి. భర్తృవియోగమున మొదటి సంవత్సరము మెరయు నగలు నిషిద్ధములు. నల్లని జెట్ నగలు అనుమతములు. జెట్ రాయివలె కనబడును గాని రాయి కాదు. సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందటి వృక్షముల కలప సముద్రగర్భపు బురదలో చిక్కి ఒత్తిడికి మారిన పదార్థమది. తేలికయైనది, చెక్కుటకు అనువైనది, మెరుగు పెట్టినచో అద్దమువలె నిగనిగలాడునది. యార్క్‌షైరు తీరమున విట్బీ పట్టణము దీనికి ప్రసిద్ధి. 1870 ప్రాంతమున ఆ చిన్న పట్టణమున వేయిమందికి పైగా ఈ వృత్తిపై బ్రదికిరి. గిరాకి పెరిగిన కొలది నకిలీలును పుట్టినవి: నల్లగాజు, గట్టిపరచిన రబ్బరు, ఐర్లండు చిత్తడినేలలలో దొరకు నల్లని ఓకు కలప. మెరుగులేని పింగాణిపై గీచినచో నిజమైన జెట్ గోధుమవన్నె గీతను విడుచును, నల్లగాజు విడువదు.

కేశాభరణములకును ఇట్టి స్థితియే సంభవించినది. స్వీడనులోని వోమ్‌హూస్ గ్రామపు స్త్రీలు కేశములతో గొలుసులల్లు విద్యను నేర్చి దేశదేశములు తిరిగి జీవించిరి. నగరములలోని వర్తకులకు వెండ్రుకలు పంపినవారిని ఒక సందేహము పీడించెడిది: తిరిగివచ్చిన నగలో ఉన్నవి తమవారి కేశములేనా? 1867లో న్యూయార్కున మార్క్ క్యాంబెల్ ప్రకటించిన స్వయంబోధిని వంటి గ్రంథములు ఇంటనే ఈ పని చేసికొనుటను నేర్పినవి. వస్తువు యొక్క విలువ అంతయు అది ‘ఆ వ్యక్తిది’ అగుటయందే ఉన్నది. ఆ విషయమునే కంటితో చూచి నిర్ధారించుటకు వీలు లేదు. స్మృత్యాభరణములోని మూలసంకట మిదియే. బంగారమునకు ఒరగల్లు కలదు, జెట్‌నకు పింగాణి కలదు, జ్ఞాపకమునకు ఒరగల్లు లేదు. 19వ శతాబ్ది చివరికి ఈ వేడుక సన్నగిల్లినది. 1914–18 యుద్ధమున లక్షలాది కుటుంబములు ఒకేసారి శోకమున మునిగినప్పుడు పాత నియమములు నిలువలేకపోయినవి.

3

ఆంగ్ల రచయితలు ఈ ఆచారమును ఉన్నదున్నట్లు వర్ణించి ఊరకుండలేదు. ఆ మూలసంకటమునే పట్టుకొనిరి.

జాన్ డన్ (1572–1631) రచించిన ‘ది ఫ్యూనరల్’, ‘ది రెలిక్’ అను రెండు ఖండకావ్యములు కవి మరణానంతరము 1633లో వెలువడినవి. రెండింటను శవము చేతికి ప్రేయసి కేశములతో అల్లిన కంకణమున్నది. రెండవదానిలో, సమాధిని మరల త్రవ్వినవాడు ఎముక చుట్టునున్న ఆ కంకణమును చూచును. ప్రేమికుల జంట ఇట నిదురించుచున్నదని తలచునా అని కవి ఊహించును. అంధభక్తి ప్రబలిన కాలమైనచో ఆ ఎముకను, ఆ కేశములను పవిత్రావశేషములుగ పూజింతురని కూడ అనును. డన్ కాథలిక్ కుటుంబమున జన్మించి ఆంగ్లికన్ మతాచార్యుడైనవాడు. ఇంగ్లండున మతసంస్కరణము సాధువుల అవశేషపూజను నిషేధించినది. దేవాలయమునుండి వెడలగొట్టబడిన ఆ భావము మనుష్యుల ప్రేమలో తలదాచుకొనెనని ఈ పద్యములు చదివినపుడు నాకు తోచును. టి. ఎస్. ఎలియట్ 1921లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున ఈ కంకణపు పాదమును ఎత్తి, కేశకాంతికిని అస్థికిని గల ఆకస్మిక సంఘర్షణమును ప్రశంసించెను. నాకు మరియొక విశేషము కనబడుచున్నది. ఆచారమున బ్రదికినవారు మృతుల కేశములను ధరింతురు. ఇట మృతుడు బ్రదికియున్న ఆమె కేశములను ధరించినాడు. ఆచారము తలక్రిందైనది.

పోపు కవి ‘ది రేప్ ఆఫ్ ది లాక్’ 1712లో రెండు సర్గలుగను, 1714లో అయిదు సర్గలుగను వెలువడెను. ఒక ప్రభువు ఒక కన్య కురుల పాయను కత్తిరించిన నిజవృత్తాంతము దీనికి మూలము. ఆ పాయను స్ఫటికము క్రింద వజ్రముల నడుమ పొదిగి అపహర్త తన వ్రేలికి ధరించునను భయము నాల్గవ సర్గమున వినబడును. ఇయ్యని కురులతో చేసిన స్మారకము దొంగసొమ్మే కదా! అయిదవ సర్గమున నాయిక చేతి సూదికి కవి వంశచరిత్ర చెప్పును: ముత్తాత తండ్రి ధరించిన ముద్రాంగుళీయకములు మూడు కరగి ఆయన విధవ దుస్తులకు పెద్ద బకిలుగను, అది కరగి పసిపాప ఈలగను, అది కరగి తల్లి తలసూదిగను మారి ఈమెను చేరినది. పరిహాసము వీరకావ్యానుకరణమునకు చెందినదే. కాని మన ఇండ్లలోని బంగారపు చరిత్రయు ఇదియే కాదా? నాయనమ్మ కాసులపేరు మేనత్త గాజులగును, ఆ గాజులు మనుమరాలి గొలుసగును. తూకము నిలుచును, తరుగు పోవును, రూపము మారును. కరగించు ఆభరణము ఒక విధమగు వారసత్వము. కరగింపరాని ఆభరణము వేరొక విధమగు వారసత్వము.

జేన్ ఆస్టెన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటి’ (1811) నవలలో ఎడ్వర్డ్ వ్రేలికి కేశములు పొదిగిన ఉంగరమున్నది. అవి తన సోదరివని అతడనును. తనవేయని ఎలినార్ లోలోపల నమ్మును. అవి లూసీ స్టీల్ అను రహస్యవాగ్దత్తవని తరువాత బయలుపడును. ఒక్క పాయను గూర్చి మూడు వ్యాఖ్యానములు! ఆభరణము మారలేదు, అబద్ధమాడలేదు. అయినను సాక్ష్యమియ్యలేకపోయినది.

ఎమిలీ బ్రాంటీ ‘వుదరింగ్ హైట్స్’ (1847) నవలలో కాథరిన్ శవము మెడలో పతకమున్నది. హీత్‌క్లిఫ్ రహస్యముగా వచ్చి, అందున్న భర్త ఎడ్గర్ కురులను తీసి పారవైచి, తన నల్లని కురులను ఉంచును. పరిచారిక నెల్లీ నేలబడిన ఆ పాయను తీసి, రెండింటిని మెలివైచి, పతకమున కలిపి మూయును. డన్ పద్యమునందువలెనే ఇటను మృతురాలే బ్రదికినవారి కేశములను ధరించినది. ఈ సంగతి నెల్లీ ఇరువురిలో ఎవరికిని చెప్పినట్లు ఆ ఘట్టమున లేదు. బ్రదికినంతకాలము ఒకచోట ఇముడలేని ఇరువురు పురుషులు ఆ పతకమున ఒకటైరి. ఆ ఐక్యమును చేసినది ప్రేమ కాదు, కథ చెప్పుచున్న పనిమనిషి చేయి. ఈ ఘట్టమును ప్రణయపరాకాష్ఠగ మాత్రమే బోధించుట న్యాయము కాదు. స్మారకమును నిర్మించువారికి తమ తీర్పును అందు ఇముడ్చు అధికారము కలదని రచయిత్రి చూపుచున్నది.

డికెన్సు ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ (1860–61) నవలలో వెమిక్ అను న్యాయవాది గుమాస్తా వ్రేళ్లకు అనేక శోకాంగుళీయకములు, రొమ్మున విల్లో చెట్టును సమాధిని చూపు పతకము ఉండును. ఎంతమంది ఆప్తులను పోగొట్టుకొనెనో అని కథానాయకుడు తలచును. తీరా అవి ఉరితీయబడిన ఖైదీలు ఇచ్చిపోయినవి. వెమిక్ దృష్టిలో అవి చేతబట్టుకొని పోదగిన ఆస్తి. ఆల్బర్టు మరణమునకు కొలది నెలల ముందే ఈ నవల ముగిసినదని గుర్తింపవలెను. శోకాభరణపు వర్తకము శిఖరమునకు చేరకముందే దానిలోని డొల్లతనమును రచయిత పసిగట్టెను. అయినను వెమిక్ ఆ ఉంగరములను కరగింపలేదు, అమ్మలేదు, ధరించినాడు. తలచుకొనువారు లేని ఆ ఖైదీలకు అదియొక్కటే స్మృతిచిహ్నమేమో అను భావము హాస్యము వెనుక నిలిచియుండును.

4

ఇక మన కావ్యముల కడకు వత్తము. రామాయణమున శ్రీరాముడు తన నామాంకితమగు అంగుళీయకమును హనుమంతునకిచ్చుట, సీత చూడామణిని తిరిగి పంపుట సుప్రసిద్ధము. అంగుళీయకపు మొదటి ప్రయోజనము స్పష్టముగా ఆనవాలు. వచ్చినవాడు రామదూతయని అది నిరూపింపవలెను, నిరూపించును. శాకుంతలమునను ఉంగరము శాపవిమోచనమునకు సాధనము. ఈ రెండుచోట్లను వస్తువు ప్రశ్నకు సమాధానమిచ్చును. ఆస్టెన్ ఉంగరము సమాధానమునే ప్రశ్నగా మార్చును. కేవలము ఉంగరమనుటచే వీనిని ఒకే తెగలో చేర్చరాదని నేననుటకు ఇది మొదటి హేతువు.

అయినను మన కావ్యములలో ఆనవాలు తప్ప గురుతు లేదనుటయు సాహసమే. చూడామణిని చూచిన రాముని మాటలు సుందరకాండాంతమున పరిశీలింపదగినవి. వివాహవేళ జనకుడిచ్చిన ఆ మణిని చూడగా తనకు తండ్రియు, జనకుడును కనబడినట్లున్నదని అతడనును. దూత నిజాయితీని నిరూపింపవలసిన అవసరము అప్పటికి తీరినది. పని ముగిసిన ఆనవాలు అచటనే గురుతుగ మారినది. శాకుంతలమున సప్తమాంకము ఇంకను సూక్ష్మమైనది. దుష్యంతుడు ఉంగరమును మరల తొడుగబోగా శకుంతల అంగీకరింపదు. దానిని తాను నమ్మననియు, ఆర్యపుత్రుడే ధరింపవలెననియు అనును. ఆనవాళ్ల నాటకమని పేరు పొందిన కృతి చివరను, ఆనవాలుపై నమ్మకము లేదని నాయికచేత పలికించిన కాళిదాసు, ఆస్టెన్ నవలకు శతాబ్దముల ముందే ఆ సంకటమును ఎరిగినవాడు. పోలిక పెట్టదలచినచో ఇట పెట్టవలెను. ఉంగరము దొరకినచోట కాదు, ఉంగరమును వలదన్నచోట.

రెండవ భేదము ఆచారమునకు సంబంధించినది. ‘వారు శోకమున నగలు పెట్టుకొందురు, మనము తీసివేయుదుము’ అను మాట వినుటకు ముచ్చటగా నుండును. పూర్తిగా నిజము కాదు. విక్టోరియా కాలపు విధవయు మొదట మెరయు నగలను తీసివేసినదే. జెట్ నగ ఆ నిషేధమున విడిచిన చిన్న సందు మాత్రమే. భార్యను కోల్పోయిన పురుషునకు అచటను నియమములు స్వల్పములే. రెండు సమాజములును మృతుని జ్ఞాపకభారమును స్త్రీ శరీరముపైననే మోపినవి. భేదము కాలావధియందున్నది. అచట సామాన్యస్త్రీకి కొలది సంవత్సరములలో రంగులు తిరిగివచ్చును. జీవితాంతము నలుపు ధరించుట రాణి తనంత తాను వరించినది. తెలుగునాట మారుమనువు అంగీకరించిన కులములు అనేకము కలవు. దానిని నిషేధించిన కులములలో మాత్రము మంగళసూత్రము, గాజులు, మట్టెలు, కుంకుమ తిరిగిరావు. వరించుట అను ప్రసక్తి లేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించినప్పుడు ఆ వధువు మెడకు తిరిగి చేరిన సూత్రమును ఈ దృష్టితో చూడవలెను. మన సమాజమున శోకమునకు చిహ్నము నగ కాదు, నగ లేని చోటు. అందుచేతనే మన కథానికలలో బోసిమెడ, వట్టిచేతులు అను మాటలు ఆంగ్ల నవలలోని పతకము చేయు పనిని చేయుచున్నవి. పతకమును తెరచి చూడవచ్చును, మార్చవచ్చును, కలిపి మెలివేయవచ్చును. బోసితనమును తెరచుటకు మూత లేదు.

మూడవది కేశములను గూర్చినది. శరీరమునుండి వేరుపడిన కేశములు మన ఆచారమున అశుచి. వానిని దైవమునకు సమర్పింతుము, నీట కలుపుదుము, దాచుకొనము. తిరుమలపై తలనీలాలిచ్చు భక్తుడు వానిని వెనుకకు కోరడు. కావున ఆంగ్ల కేశాభరణమును తెలుగు విద్యార్థి మొదట జుగుప్సతో చూచుట సహజమే. ఆ జుగుప్సను అణచివేయుట కంటె దాని కారణమును వివరించుట మేలు. అస్థికలను గంగలో కలుపు సమాజము మృతుని శరీరాంశము మిగులరాదని కోరును. పాతిపెట్టు సమాజమునకు శరీరమెచటనో ఉన్నదను భావము విడువదు, అందులో ఒక తునక తన చెంత నుండవలెనను కోరిక పుట్టును. ఇది నా ఊహ, విశేషజ్ఞులు పరీక్షింపవలెను.

5

పై పరిశీలనమువలన తేలినదేమనగా: హెచ్చరిక, గురుతు, ఆనవాలు అను మూడును వేరు వేరు ప్రయోజనములు. ఒకే వస్తువు వీనిలో ఒకదానినుండి మరియొకదానికి మారవచ్చును. ఆ మార్పు జరుగుచోటనే కావ్యము పుట్టును. టార్ అబ్బే పతకము హెచ్చరికగా మొదలై హెచ్చరికగానే నిలిచినది, అందుచే అది శిల్పముగ మిగిలినది. చూడామణి ఆనవాలుగ బయలుదేరి గురుతుగ చేరినది. వెమిక్ ఉంగరము గురుతుగ ఇయ్యబడి ఆస్తిగ మారి, పాఠకుని మనస్సున మరల గురుతైనది.

తులనాత్మక విమర్శ చేయు పరిశోధక విద్యార్థులకు నా విన్నపమొకటి. రెండు కావ్యములలో ఒకే వస్తువు కనబడగానే సంతోషింపక, ఆ వస్తువును ఎవరు ఇచ్చిరి, ఎవరు పుచ్చుకొనిరి, ఎవరు నమ్మిరి, ఎవరు నమ్మలేదు అను నాలుగు ప్రశ్నలను వేసికొనవలెను. నగ కనబడనిచోటను ఈ ప్రశ్నలను వేయవలెను. తెలుగు కథలలో పెట్టెయడుగున దాచిన గాజులను, గోడకు వ్రేలాడు నగలు లేని స్త్రీ ఛాయాచిత్రమును ఈ దృష్టితో పరిశీలించినవారు అరుదు. ఆ పని మిగిలియున్నది.